ఎలుకల గది తలుపు

పెద్దయ్యాక అక్షరాలు దిద్దినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి. నెమ్మదిగా రాశాను.

తలుపు మీద మళ్ళీ దెబ్బ పడింది.

గొట్టంలో కుదురుగా ఉన్న ఎలుక ఉలిక్కిపడింది. దాని తోకకి చుట్టిన పట్టీ చూపే అంకె ఒక్కసారిగా పైకి లేచింది.

పరిశోధన చేస్తున్న అమ్మాయి పళ్ళు నూరింది. ఎలుక కాస్త బెదిరినా బీపీ పెరుగుతుంది. ఇక ఆ కొలత చెత్తబుట్టకే.

కొలతలు అయ్యేదాకా దేవుడే దిగొచ్చినా తలుపు తీయొద్దని ప్రొఫెసరు మరీ మరీ చెప్పి వెళ్ళారు. ఈ పరిశోధన సాగాలో వద్దో తేల్చే కమిటీ ఎదురు భవనంలో కూర్చుంది. వాళ్ళు కాదంటే ఈ గదికి తాళం పడుతుంది. ఆమె చదువూ అక్కడితో సరి.

ఒంటిని కాపాడాల్సిన రక్షక కణాలే రక్తనాళాల మీద పడి బీపీ పెంచుతున్నాయని వీళ్ళ వాదన. ఆ కణాలు లేకుండా పుట్టిన ఎలుకలకి ఉప్పు దండిగా పెట్టినా బీపీ అంతగా పెరగలేదు.

ఎలుకల సంగతి సరే, మనిషి మాటేమిటని కమిటీ పోయినసారే మెలిక పెట్టింది.

మళ్ళీ చప్పుడు. ఆమె విసురుగా లేచి తలుపు ఓరగా తీసింది.

వంకర్లు తిరిగిన వేళ్ళతో ఒక ముసలాయన. ప్రొఫెసరుగారు రమ్మన్నారన్నాడు.

"ఆయన లేరు."

"ఓ మూల కూర్చుంటానమ్మా."

"కుదరదండీ."

ముసలాయన ఆమె భుజం మీదుగా లోపలికి తొంగి చూశాడు.

"వాటికి బీపీ తగ్గిందా తల్లీ?"

ఆమె తలుపు ఇంకాస్త దగ్గరికి వేసింది. ఇతనికెలా తెలుసు? బోనులు విరగ్గొట్టి జంతువుల్ని వదిలేసే ముఠా తిరుగుతోందని ఈమధ్యే హెచ్చరిక వచ్చింది.

వాచ్‌మన్‌ని కేకేసింది.

ముసలాయన తన కీళ్ళనొప్పుల గురించి ఏదో చెప్పబోయాడు.

"ఇది ఆసుపత్రి కాదు," అంది.

"పద పెద్దాయనా," అన్నాడు వాచ్‌మన్. "ఎలుకలమ్మకి కోపమొస్తే నన్నూ బోనులో పెడుతుంది."

ముసలాయన నవ్వాడు. గేటు దాటి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొలతలన్నీ నల్లేరు మీద నడకలా సాగాయి. గట్టెక్కామనుకుంది.

అంతలో ప్రొఫెసరు రొప్పుతూ వచ్చారు. ఆమె అంకెలు చూపించబోతే అటు చూడనైనా లేదు. తన కోసం ఎవరైనా వచ్చారా అని అడిగారు.

ఎవరో ముసలాయన వస్తే పంపించేశానంది.

ప్రొఫెసరు కుర్చీలో కూలబడ్డారు. నా గదికి రమ్మంటే ఇటొచ్చాడన్నమాట అని గొణిగారు. వెతగ్గా వెతగ్గా దొరికాడట. ఆయనకి ఫోను కూడా లేదట. ఇంకాసేపట్లో కమిటీ లేచిపోతుంది.

"ఎవరు సార్ ఆయన?"

"కీళ్ళ జబ్బుకి రక్షక కణాల్ని అణిచే మందిస్తే, ఏళ్ళ తరబడి దిగని బీపీ దిగిపోయిన మనిషి. ఆయన్ని చూశాకే నేను ఈ ఎలుకల దగ్గరికి వచ్చాను."

— పెద్దక్క, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు మేనకోడలి ఇంట్లో ఉంటున్నాను.