హ్యాండ్ బ్రేకు వేశావా?

“హ్యాండ్ బ్రేకు వేశావా, లేదా?” ఇన్‌స్పెక్టర్ మళ్ళీ అడిగాడు.

తమ్ముడు తన చేతి వంక చూసుకున్నాడు.

“వేశాననే అనుకున్నానండీ. ఇప్పుడైతే చెప్పలేను.”

అన్నదమ్ములిద్దరూ పడవలు బాగుచేస్తారు. బాగైన పడవను ట్రాలీ మీదికెక్కించి, ట్రాలీని ట్రక్కుకు తగిలించి, రేవు వాలులో వెనక్కి దించడం వాళ్ళకు కళ్ళు మూసుకుని చేసే పని. తమ్ముడు ట్రక్కు నడుపుతాడు. అన్న నడుంలోతు నీళ్ళలో నిలబడి పడవను ట్రాలీ నుంచి విడిపిస్తాడు.

ఆ రోజూ అంతే. పని కాగానే బజారుకు వెళ్దామని వదిన కూడా ట్రక్కెక్కింది. తమ్ముడు వాలులో ట్రక్కు ఆపి, తాడందుకోవడానికి దిగాడు. గట్టు దాకా నడిచాడో లేదో, వెనక ట్రక్కు జారింది. అన్న ట్రాలీ కింద పడి అక్కడికక్కడే పోయాడు. ముందు సీట్లో ఉన్న వదినను, ట్రక్కు సగం మునిగాక, వలలు అల్లే ముసలాయన కిటికీలోంచి బయటికి లాగాడు.

క్రేన్‌తో ట్రక్కును గట్టెక్కించి చూస్తే బ్రేకు లీవరు కిందికే ఉంది.

“వేసుంటే పైకుండాలి కదయ్యా,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. తర్వాత వదిన వైపు తిరిగాడు. “మీరేమైనా గమనించారా అమ్మా?”

“నేను ఆయన్నే చూస్తున్నానండీ, అద్దంలో,” అంది వదిన. ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్కు మూసేశాడు.

తల్లి మాత్రం చిన్నకొడుకును గుమ్మం తొక్కనివ్వలేదు. “వాడి మొహం నాకు చూపించకండి. తోడబుట్టినవాణ్ణి మింగి కూర్చున్నాడు,” అంది.

తమ్ముడు షెడ్డులోనే పడుకునేవాడు. గడ్డం పెరిగింది. పగలల్లా ఏదో ఒక పడవను గీకుతూ ఉండేవాడు. చదును నేల మీద నిలిపిన తోపుడుబండి చక్రాల కింద కూడా రాళ్ళు పెట్టేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని రేవులో చాటుగా అనుకునేవాళ్ళు.

వదినే రోజూ క్యారేజీ తీసుకెళ్ళేది. ఒక మధ్యాహ్నం ఆమె వెళ్ళేసరికి అతను బోర్లించిన డబ్బా మీద కూర్చుని, లేని లీవరును గాలిలో పైకి లాగుతున్నాడు. మళ్ళీ దించుతున్నాడు. మళ్ళీ లాగుతున్నాడు.

“ఏం చేస్తున్నావు?”

“నాకెటూ గుర్తు రావడం లేదు వదినా. చేతికైనా గుర్తుంటుందేమోనని.”

ఆమె గిన్నెలు విడదీసి అతని ముందు పెట్టింది.

“తిను. చల్లారిపోతుంది.”

“నువ్వొక్క మాటైనా అనవేం? అమ్మలా తిట్టు వదినా. కాస్త తేలికపడతాను.”

“తిడితే మీ అన్నయ్య తిరిగొస్తాడా?” అంది. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు. చక్కెర అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

కేసు సంగతి తేలాల్సిన రోజున ఇన్‌స్పెక్టర్ ఆమెనే పిలిపించాడు. ఆమె నోటి నుంచి నిర్లక్ష్యం అనే మాట వస్తే మరిది జైలుకు పోతాడని విడమరిచి చెప్పాడు.

“ఆ మాట నేననను,” అంది వదిన. “మరిచిపోవడం ఎవరికైనా ఉంటుంది. అతన్ని వదిలేయండి.”

ఆ కబురు విని అత్త మండిపడింది. “అది గుండా, బండా? నీ మొగుడు పోయాడే!”

“ఒకడు పోయాడు కదా అత్తయ్యా. ఉన్నవాణ్ణి కూడా మనమే తోసేద్దామా?”

అత్త మంచం మీద అటు తిరిగి పడుకుంది. తెల్లారాక ఎవరితోనూ చెప్పకుండా లేచి, తనే షెడ్డుకు నడిచి, చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. “కట్టుకున్నదే కడుపులో పెట్టుకుంది. కన్నదాన్ని, నాకేం రోగం,” అని దారిలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది. అలాంటి కోడలు కోటికొక్కరని వీధి వీధంతా అనుకుంది.

ఆ పూట అతను ఇంట్లో కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

“బ్రేకు నేను వెయ్యలేదు వదినా,” అన్నాడు. “ఇప్పుడు గుర్తొచ్చింది. వెయ్యకుండానే దిగిపోయాను. అయినా నన్ను మనిషిగా చూశావు.”

తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది. వదిన కళ్ళు తడవలేదు. అతని కంచంలో ఇంకో గరిటె వడ్డించి, పక్కన మంచినీళ్ళు పెట్టింది.

అతను ఆ రోజు బ్రేకు గట్టిగా లాగే దిగాడు. పడవ తేలడం లేదు, ఇంకాస్త వెనక్కి రావాలని అద్దంలో భర్త చెయ్యి ఊపుతుంటే, పక్క సీట్లోంచి వంగి లీవరు దించింది ఆమే.