తలకు పన్నెండు టన్నులు

"ఇసుకంతా ఎత్తేస్తే చెలమలో నీళ్ళు యాడ ఊరతాయి ఓబళప్పన్నా? ఊరు ఊరంతా ఏం తాగల్ల?"

"పోమ్మా, ఏరు మీ నాయన రాసిచ్చినాడా?" అని నరసక్కను నవ్వి పంపేశాడు ఓబళప్ప. ఎనభై ఆరులో, వరసగా మూడో కరువు. వేరుశనగ కాయ పట్టకుండానే మాడిపోయింది. అతని ఇల్లు నడుస్తున్నది కొత్త ట్రాక్టరు మీదే. అది పినాకిని ఏటి ఇసుకను రోడ్డుకు చేరిస్తే, అక్కడినుంచి లారీలు బెంగళూరుకు తీసుకుపోతాయి.

మర్నాడు ట్రైలరు సగం నిండిందో లేదో, గట్టు మీదనుంచి ఒక కేక.

"నిలుపుడు!"

మైకు లేకుండానే అవతలి ఒడ్డు దాకా వినబడింది. చలువ కళ్ళద్దాలు, చంకలో చుట్టిన పటం, చేతిలో లావుపాటి రిజిస్టరు. ఆఫీసరే! ఓబళప్ప తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

"అర్జీ ఏమన్నా వచ్చినాదా సామీ?"

"అర్జీయా? ఇది ప్రపంచ దేశాల లెక్క! ఇనుము, రాగి కాక, ఇసుక, రాయి, సున్నం తలకెంత వాడుచున్నారన్న లెక్క!" పటం విప్పాడు. "జర్మనీ, తొమ్మిది టన్నులు! జపాను, పదకొండు! మన దేశము, ఒకటిన్నర! మరి మీ ఊరు?" వేలు గాల్లో ఆడించి, కావలసినంత ఊరించి, "పన్నెండు!" అన్నాడు.

కూలీలు చప్పట్లు కొట్టారు.

"జపానునే మించినామా!" ఓబళప్ప చెయ్యి మీసం మీదికి పోయింది.

"మించితిరి! దేశమంతా ఒకటిన్నరతో సర్దుకొనగా, ఎవరి వాటా మింగితిరి? మొదట ఈ ట్రాక్టరు జప్తు!"

చెయ్యి చప్పున దిగింది. "అయ్యో సామీ, ఆ ఇసుక మేం యాడ వాడినాం? బెంగళూరోళ్ళు గదా వాడింది!"

"తవ్విన ఊరి తలకే లెక్క!"

"అట్లయితే తలలే ఎక్కువ రాసుకోండి. మంగళవాడలో నా చుట్టాలుండారు. రేపే లారీలో దింపిస్తా, ఇన్నూరు తలలు!"

"అరువు తలలు చెల్లవు!"

"మరి నా దారేంది సామీ?"

"తీసినది తిరిగి పోయుము. మళ్ళీ ఈ ఏటిలో పార పెట్టితివా..." వేలు ట్రాక్టరు వైపు తిరిగింది.

పాపం, మూడు రోజులు! రోడ్డు పక్కన పోగేసిన కుప్పంతా ట్రాక్టరు మళ్ళీ ఏట్లోకి మోసింది. ఊరు ఊరంతా గట్టెక్కి కూర్చుని పడీ పడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ, ట్రాక్టరు దక్కింది, అంతే చాలనుకున్నాడు ఓబళప్ప. ఆఫీసరు ట్రిప్పుకొక గీత గీసుకుని, మూడో రోజు ఓబళప్ప ఇంట్లోనే సంగటీ కోడికూరా తిని బస్సెక్కాడు.

పదిహేను రోజుల తర్వాత నరసక్క వచ్చి, "శివరాత్రికి మా పుట్టినూర్లో మా తమ్ముడు నాటకంలో రాజు వేషం కడతాండాడన్నా, నువ్వు తప్పకుండా రావల్ల" అంటూ చేతిలో పెట్టిన కరపత్రంలో, కిరీటం పెట్టుకుని, గద భుజాన వేసుకుని, ఆఫీసరు నవ్వుతున్నాడు.