మూడో చుక్క పొడిచాక

మూడో చుక్క పొడిచేదాకా ఆ ముసలమ్మ ఎదుటి అరుగు మీదే కూర్చుంది.

ఒళ్లో మట్టికుండ. కుండ మీద తడిగుడ్డ.

పండుగ పూట ముష్టికి వచ్చిందేమో అనుకుంది యాకూత్, కిటికీలోంచి చూసి.

చుక్క కనిపించింది. సెఫ్రూ ఊళ్లో యూదుల ఇళ్లకు పస్కా పండుగ ముగిసింది. వారమంతా గడప లోపల పులిసినదేదీ ఉండకూడదు. ఇక ఉండొచ్చు.

అప్పుడు లేచి వచ్చి తలుపు తట్టింది ముసలమ్మ.

"మీ నాన్నగారు కబురు పెట్టారు బిడ్డా. పిండి తెచ్చాను."

యాకూత్ కుండను దాదాపు లాక్కుంది.

రొట్టెలు పొంగడానికి వేసే పులిసిన పిండి ముద్ద అది. ఏటా పండుగ ముందు నాన్న మఖ్లూఫ్ దాన్ని ఏటి అవతల ముస్లింల ఇంట్లో ఉంచి, పండుగ అయ్యాక తానే వెళ్లి తెచ్చేవాడు. ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి. కుండను పాలవాడి గాడిద మీద పంపించాడు.

అమ్మ చేతి పిండి. ఊహ తెలియకముందే పోయిన అమ్మ. ముఖం గుర్తులేదు. ఈ పులుపు వాసనే గుర్తు. కళ్లు మూసుకుని పీలిస్తే, ఎవరో వంగి నుదురు తాకినట్టుంటుంది. రోజూ గుప్పెడు పిండి వేసి ఆ ముద్దను బతికించుకుంటోంది యాకూత్. అది చస్తే అమ్మ రెండోసారి పోయినట్టే.

"ఇందులో ఇంకేమీ కలపలేదు కదా?"

"దానికేం లోటు చెయ్యలేదులే," అని ముసలమ్మ నవ్వింది. "ఒక్కసారి చెయ్యి పెట్టి చూడనా? ఎండలో తెచ్చాను, అలిసిందేమో."

"వద్దు. మా అమ్మ పిండిని ఈ ఇంట్లో నేను తప్ప ఎవరూ ముట్టుకోరు."

చాచిన చెయ్యి గాలిలోనే ఆగింది. నెమ్మదిగా ముసుగులోకి వెళ్లిపోయింది.

యాకూత్ గడప దగ్గరే నాలుగు ఖర్జూరాలిచ్చింది. లోపలికి రమ్మనలేదు. ఇంకేదో చెప్పబోయి, ఉన్నిగుడ్డ కప్పమని మాత్రం చెప్పి, ముసలమ్మ సందు మలుపు తిరిగింది.

పిండి కలుపుతుంటే, నిద్రలో ఉన్న మనిషిలా అది వేళ్ల కింద ఊపిరి తీసుకుంది.

"ఎండురొట్టెలు నమిలి నమిలి దవడలు అరిగాయే," లోపలి గదిలోంచి నాన్న. "అట్లు ఈ ఏడు పెడతావా, వచ్చే ఏడా?"

నూనె చేత్తో పల్చగా సాగదీసి పెనం మీద వేసింది. ఆ వాసనకు గోడలు కూడా మెత్తబడినట్టనిపించింది.

వెన్న, తేనె రాసిన మొదటి అట్టు నాన్నకిచ్చింది.

"పిండి తెచ్చిన ఇట్టో ఏదీ? ముందు ఆమెకు పెట్టు."

"ఆ ముసలమ్మా? ఇచ్చేసి వెళ్లిపోయింది."

నాన్న అట్టు పక్కన పెట్టాడు.

"తెల్లారితే కొడుకు దగ్గరికి, దూరాన ఊజ్దా ఊరికి వెళ్లిపోతోందే. ఇక రాదు. ఒక్కసారి నిన్ను చూసి పోతానంది."

"నన్నెందుకు?"

అమ్మ పోయినప్పుడు, దుఃఖం పాటించే ఏడు రోజులూ ఇంట్లో పొయ్యి వెలగలేదట. పిండి సంగతి ఎవరికీ గుర్తురాలేదు. చూసేసరికి కుండ నిండా నల్లటి బూజు. పసిపిల్ల యాకూత్ మాత్రం ఆ కుండను వదలక ఏడ్చేదట.

"ఇట్టో తన పిండిలోంచి ఒక ముద్ద తుంచి తెచ్చింది," అన్నాడు నాన్న. "అమ్మదేనని చెప్పండి, బిడ్డ ఊరుకుంటుంది అంది."

యాకూత్ సందు చివరిదాకా పరిగెత్తింది.

ఎవరూ లేరు.

పిండి అంటిన అరచేతుల్లో ముఖం దాచుకుని కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లూ వంగి నుదురు తాకింది, ఇందాక గడప దగ్గర గాలిలో ఆగిపోయిన ఆ చెయ్యే.