రాతితోట అప్పగింతలు

"పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పొయ్యాలి విజయా. మర్చిపోయేవు," అంది ప్రణీత.

అమెరికాలో, బాతెల్ ఊళ్ళో ఆ ఇంటి వెనక, రాళ్ళు పేర్చిన గట్టు మీద పచ్చటి చాపలా పరుచుకుని ఉంది మాస్ క్యాంపియన్. మంచుకొండల మీద రాళ్ళ సందుల్లో పెరిగే మొక్క. ఇప్పుడు ఒళ్ళంతా గులాబీరంగు పూలు. ప్రణీత తెచ్చిన మొదటి రెండు మొక్కలూ ఏడాది తిరక్కుండానే పోయాయి. ఈ మూడోది మాత్రం నిలిచింది. పీటంత వెడల్పు పాకడానికి తొమ్మిదేళ్ళు తీసుకుంది మహాతల్లి.

ఇకమీదట ఇల్లూ తోటా విజయశ్రీవి. ప్రణీత భర్త రవిశంకర్ ఉద్యోగం పోయింది. దాంతోపాటే వీసా. ఎల్లుండే ఇండియా ప్రయాణం. ఇల్లు అయినకాడికి అమ్మేస్తుంటే కొన్నది స్నేహితుడు ఫణికుమార్, విజయశ్రీ భర్త. కష్టంలో ఆదుకున్నాడని నలుగురూ మెచ్చుకున్నారు. లేఆఫ్‌కి రవి పేరు ఇచ్చింది మేనేజర్‌గా ఉన్న ఆ ఫణికుమారేనని ఆఫీసులో ఒకాయన నోరు జారేదాకా ప్రణీత కూడా మెచ్చుకుంది.

తెలిశాక ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తోట అప్పగిస్తాను రమ్మని విజయశ్రీని తనే పిలిచింది.

"ఎరువు వెయ్యాలా అక్కా?" అడిగింది విజయశ్రీ.

"నెలనెలా దండిగా వెయ్యి. ఈ గులకరాళ్ళు తీయించేసి మంచి నల్లమట్టి పోయించు."

"మిమ్మల్ని చూస్తుంటే ఎంత గిల్టీగా ఉందో అక్కా. ఇంత ఓపిగ్గా అన్నీ చెప్తున్నారు. ఇంకొకరైతే మొక్కని పీకి పట్టుకెళ్ళేవాళ్ళు."

"పీకితే బతకదమ్మా. దీని వేరు చాలా లోతు."

ప్రణీత వంగి పూల మీద అరచెయ్యి ఆనించింది. ఏడుపు ఆగలేదు. పెళ్ళిలో కూతుర్ని అప్పగించే తల్లిలా వెక్కి వెక్కి ఏడ్చింది. విజయశ్రీ ఆమె భుజం పట్టుకుని తనూ కళ్ళు తుడుచుకుంది.

"నా ప్రాణంలా చూసుకుంటానక్కా. ఒక్క పూట కూడా నీళ్ళు మానను. ఒట్టు!"

"అంతే చాలు," అంది ప్రణీత.

తన మొదటి రెండు మొక్కల్నీ ఆమె సరిగ్గా ఇలాగే, పూటపూటా నీళ్ళు పోసి, నల్లమట్టీ ఎరువూ వేసి, వేళ్ళు కుళ్ళబెట్టి చంపుకుంది.