కుట్టే చెయ్యి

సూది పడగానే గుమ్మడి పెట్టిన కేకకి షెడ్డు రేకులు అదిరాయి.

ఏనుగుపిల్ల వెళ్లి మావటి వెనక దాక్కోబోయింది. అంత ఒళ్లు అతని వెనక ఎక్కడ దాగుతుంది?

"అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూ అతను దాని నోట్లో అరటిపండు పెట్టాడు.

కమ్మీల అవతలున్న ఆవిడ సూదిని డబ్బాలో పడేసి, చేతులు కడుక్కుని, తువ్వాలు మడతపెట్టి, మూలకు వెళ్లి కూర్చుంది.

ఒక బుజ్జగింపు లేదు. ఒక జాలి చూపు లేదు.

'రాయి' అనుకున్నాడు మావటి. సూదమ్మ అని పేరు కూడా అతనే పెట్టాడు.

అంతకుముందే పక్క షెడ్డులో ఒక ఏనుగుపిల్ల చచ్చిపోయింది. పొద్దున బంతాట ఆడింది, సాయంత్రానికి నాలుక నీలమై కూలిపోయింది. ఏనుగుపిల్లల్ని ఉన్నపళాన పొట్టన పెట్టుకునే వైరస్ అది.

ఆ రోజే గుమ్మడిని ఈ షెడ్డులో పెట్టి తలుపులు మూసేశారు. కొత్త టీకా పెద్ద ఏనుగులకి వేసి చూశారు, ఒంటికి పడింది. పిల్లలకి వెయ్యడం ఇదే మొదలు. విడతలన్నీ అయ్యేదాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. తిండి కిటికీలోంచి వస్తుంది. తాళం బయట ఉంది.

"ఆ సూదేదో నేనే వేస్తాగా! ఈవిడెందుకు సార్?" అని మొదటిరోజే కిటికీలోంచి డాక్టరు గారిని అడిగాడు.

డాక్టరు నోరు తెరిచేలోపు ఆవిడే అందుకుంది.

"పెట్టే చెయ్యి కుట్టకూడదు బాబూ. నువ్వే కుడితే, రేపు దానికి ఒంట్లో బాగాలేనప్పుడు నిన్ను దగ్గరికి రానివ్వదు. అప్పుడెవరు చూస్తారు?"

"మరి మిమ్మల్ని రానిస్తుందా?"

"నన్నెందుకు రానివ్వాలి? నన్ను చూసి పారిపోయిన ఏనుగుల్ని వరసగా నిలబెడితే ఊరేగింపవుతుంది."

అతనికి నవ్వు రాలేదు.

రేకుల కింద ఉక్క. గుమ్మడి తలుపుకి తల ఆనించి నెట్టేది. తలుపు కదలకపోతే వచ్చి అతన్ని నెట్టేది. అతనెక్కడికి కదులుతాడు? వెనక గోడ.

"ఇంకెన్నాళ్లు? ఏనుగుతో కాపురం పెట్టావా ఏంటి?" అని ఫోన్లో భార్య దెప్పింది.

"తాళం బయటుందే! నా చేతిలో ఏముంది?"

ఫోన్ పెట్టేసి తలుపు వైపు చూశాడు. పగలగొట్టి దీన్ని తీసుకుపోతే? ఎక్కడికి? బయట రోగం, లోపల సూది.

రెండో విడతకి గుమ్మడి కమ్మీల దగ్గరికి రానంది. సూదమ్మ వాసన తగిలితే చాలు, చెవులు విప్పి వెనక్కి నడిచేది.

"నువ్వు పిలువు బాబూ. నువ్వు పిలిస్తే వస్తుంది."

పండు చూపించి పిలిచాడు. నమ్మి వచ్చింది. సూది పడింది.

ఆ మధ్యాహ్నం దానికి ఒళ్లు కాలిపోయింది. పండు వాసన కూడా చూడకుండా పడుకుంది.

మావటికి కడుపు మండింది.

"మీకేమమ్మా! చేతులు కడుక్కుని పోతారు. ఒక్కసారి ఓ పిల్లని పెంచి చూడండి, అప్పుడు తెలుస్తుంది!"

ఆవిడ కమ్మీల్లోంచి తొంగి చూసింది.

"నాలుక చూడు బాబూ. ఏ రంగులో ఉంది?"

"ఎర్రగానే ఉంది."

"సరిగ్గా చూడు. నీలం లేదుగా?"

"లేదు."

ఆవిడ కమ్మీ పట్టుకుని అక్కడే నేలమీద చతికిలబడింది. 'ఈవిడకేమొచ్చింది మధ్యలో' అనుకున్నాడు అతను.

మర్నాటికి జ్వరం దిగింది. విడతలు పూర్తయ్యాయి. తాళం తీశారు.

సూదమ్మ సంచి భుజాన వేసుకుని కమ్మీల దగ్గర ఆగింది.

"బాబూ, నా పనైపోయింది. ఇక దీన్ని కుట్టేది లేదు. ఒక్క పండు నా చేత్తో పెట్టనా?"

"కుట్టే చెయ్యి పెట్టొచ్చా? మీ సూత్రమేగా!"

ఆవిడ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నిజమే" అని నవ్వింది. వెళ్లిపోయింది.

'బాగా తగిలింది' అనుకున్నాడు.

గుంపులో కలిపిన కొన్నాళ్లకి గుమ్మడి ఒకరోజు నలతగా ఉంది. డాక్టరు గారు రక్తం పరీక్ష చేయించారు. ఫలితం వచ్చేసరికి అది తొండంతో మావటి నెత్తిన నీళ్లు కుమ్మరిస్తోంది.

"ఒంట్లో వైరస్ దండిగా ఉందయ్యా! టీకా లేకపోతే ఈపాటికి గొయ్యి తవ్వుతుండేవాళ్లం."

మావటి ముఖం తుడుచుకున్నాడు. అవి గుమ్మడి పోసిన నీళ్లు మాత్రమే కావు.

"సూదమ్మగారికి ఫోన్ చెయ్యండి సార్. వచ్చి పండు పెట్టమనండి. గెలకి గెల పెట్టమనండి. ఆ రోజు అడిగితే నేనే వద్దన్నాను."

డాక్టరు చేతిలోని కాగితం కిందికి వాలింది.

"అడిగిందా? ఆవిడే అడిగిందా?"

"అవును సార్. ఏం?"

"ఈ టీకాకి కావలసిన వైరస్ ఏ పిల్ల రక్తంలోంచి తీశారో తెలుసా? తల్లి వదిలేస్తే ఆవిడ పాలసీసాతో పెంచిన పిల్ల. చివరి రోజున అది ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు, ఆవిడని తప్ప. ఆ రక్తం లేకపోతే టీకా లేదు. అందుకని రక్తం తియ్యమని సూది ఆవిడ చేతికే ఇచ్చారు."

మావటి గుమ్మడి చెవి పట్టుకుని నిలబడిపోయాడు.

"కుట్టింది. ఆ తర్వాత కన్ను మూసేదాకా, ఆ పిల్ల ఆవిడ చేతిలో పండు ముట్టుకోలేదు."