ఏ పేరుకైనా పలికేది

మలేషియాలోని కోటబారులో రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటిసారే పలకరు. మూడోసారి పిలిస్తేనే మనిషని నమ్ముతారు. జుమాత్‌ని వాళ్లమ్మ అలాగే పెంచింది. అయినా ఆసుపత్రి కంప్యూటర్లు చూసే అతనే, వెబ్‌సైటు అడ్రసుకు ముందు ఏ పేరు తగిలించినా పలికేలా నక్షత్రం గుర్తు పెట్టాడు. మేనేజరు హైకల్ తొందరపెట్టాడు. ఆ పేర్లన్నీ చేరే అద్దె సర్వరు మెషీనును నెల కిందటే వదిలేశారు. నక్షత్రం మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేసే పాస్‌వర్డు ఇప్పుడు హైకల్ దగ్గరే ఉంది.

రాత్రి డ్యూటీలో అనుమానం వచ్చి, అమ్మ మాత్రమే పిలిచే ‘చిచాక్’ అన్న ముద్దుపేరు తగిలించి చూశాడు. ఏమీ రాకూడదు. ఆసుపత్రి పేజీయే వచ్చింది. రోగి నంబరు, పాస్‌వర్డు అడుగుతోంది. పైన “రా, చిచాక్” అని ఉంది.

వెంటనే హైకల్‌కి ఫోను చేశాడు. “ఆ మెషీను ఇప్పుడెవడి చేతిలోనో ఉంది సార్. మన పేరుతో లింకు పంపితే రోగులు నమ్మేస్తారు. వాళ్ల గుట్లన్నీ వాడికి పోతాయి.”

“దయ్యాల కథలా, పాక్‌చిక్? పొద్దున చూద్దాంలే. అయినా నక్షత్రం పెట్టిన కాగితంలో సంతకం మీదే కదా!” హైకల్ బాబాయిని పిలిచినట్టే పిలిచి, నవ్వి పెట్టేశాడు.

ఇరవై ఏళ్ల నౌకరీకి మిగిలింది ఆ సంతకమే.

ఖాళీ వరండాలోంచి ఎవరో “చిచాక్” అన్నారు. జుమాత్ పళ్లు బిగించాడు. మళ్లీ పిలిచారు. అతను పలకలేదు. తెర మీద, అతని పేరు కింద, ఒక్కో అక్షరమే పడింది: ‘ఉన్నానమ్మా’.

మూడో పిలుపు రాలేదు.