తువ్వాళ్లు వేసిన కుర్చీలు

ఎలుగుబంటి కూతురి పెళ్లికి అడవంతా కదిలొచ్చింది. చుట్టాలకి ఏ లోటూ రాకూడదని ఎలుగుబంటి పందిరి నిండా కుర్చీలు వేయించింది. ఇంతలో పులిగారు పరివారంతో వస్తున్నారని కబురందింది. వెంటనే కుర్చీలన్నిటి మీదా తువ్వాళ్లు వేసి వాళ్ల కోసం ఆపి ఉంచింది.

“మోకాళ్లు లాగేస్తున్నాయి నాయనా, ఒక్క కుర్చీ ఇప్పించు,” అంది ముసలి మేక.

“అలాగే పిన్నీ, ముందు మజ్జిగ తాగు,” అని గ్లాసు చేతికిచ్చి వెళ్లిపోయింది ఎలుగుబంటి.

తాళి కట్టేశాక పులిగారు ఒక్కరే వచ్చారు. పందిరంతా నిలబడి ఉండటం చూసి మురిసిపోయారు.

“నా కోసం లేచి నిలబడాలా? కూర్చోమనవయ్యా,” అన్నారు.

“ఎంత చెప్పినా వినరండీ, మీరంటే అంత గౌరవం,” అంది ఎలుగుబంటి.

“వినేవాళ్లమే నాయనా,” అంది మేక. “పొద్దుట్నుంచీ ఆ మాట చెప్పినవాళ్లే లేరు.”